కరంజియా కొండ మీద బడా భాయి

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే మా వసతి గృహంలో పాత క్యాలెండరు అట్టలన్నీ నక్షత్రాలైపోతాయి. చర్చికి వెళ్ళే పిల్లలు రాత్రి స్టడీ అవర్ అయ్యాక పాటలు సాధన చేస్తారు. అదే గదిలో పక్క మంచం మీది పిల్ల, పండుగ సెలవులకు ఊరెళ్ళి దేవత కొలుపులో థింసా ఆడాలని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. మామూలుగా ఇద్దరూ ఒకే కంచంలో తినే స్నేహితులే. ఒక్కోసారి మాత్రం మాట పెరుగుతుంది. మీ దేవుడా మా దేవుడా అని మొదలై, అసలు గిరిజనులెవరు అనే దాకా పోతుంది. సంఘం పెద్దలు ఈ సంచికకు ఒక జీవిత చరిత్ర రాయమన్నప్పుడు మాకు మొదట ఆ గది గుర్తొచ్చింది. ఆ వెంటనే వెరియర్ ఎల్విన్ గుర్తొచ్చాడు. మతం ప్రచారం చేయడానికి ఈ దేశం వచ్చి, గోండుల కొండల్లో ఇల్లు కట్టుకుని, ఎవరినీ మతం మారమని అడగకూడదని తీర్మానించుకున్న కుర్ర మిషనరీ ఆయన.

ఎల్విన్ 1902 ఆగస్టు 29న ఇంగ్లండులోని డోవరులో పుట్టాడు. తండ్రి ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో బిషప్. పిల్లవాడికి ఏడేళ్ళప్పుడే, 1909లో, తండ్రి పోయాడు. భక్తిపరురాలైన తల్లి పెంచింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్ల సాహిత్యంలోనూ, తర్వాత దైవశాస్త్రంలోనూ మొదటి తరగతిలో పాసయ్యాడు. అక్కడే ఉండిపోయి ఉంటే పెద్ద ప్రొఫెసరో, తండ్రిలాగా బిషపో అయ్యేవాడు. 1927 చివర్లో ఓడెక్కి పూనా వచ్చాడు. జాక్ విన్‌స్లో అనే పాదిరి అక్కడ నడుపుతున్న క్రిస్త సేవా సంఘంలో చేరాడు. ఖద్దరు బట్ట, నేల మీద కూర్చుని శాకాహార భోజనం, ధ్యానం. క్రైస్తవం ఈ దేశపు బట్ట కట్టుకోవాలన్నది ఆ సంఘం ఆలోచన. వచ్చిన కొన్ని వారాలకే, 1928 జనవరిలో, సబర్మతి ఆశ్రమంలో గాంధీని చూశాడు. ఆ తర్వాత ఆయన మనసు పూనాలో నిలవలేదు.

ఇక మేము చెప్పాలనుకున్న క్రిస్మస్ రోజులకు వద్దాం. మన ఊళ్ళలో క్రిస్మస్ అంటే డిసెంబరు 25న కేకు, కొత్త బట్టలు. ఎల్విన్ పుట్టి పెరిగిన ఆంగ్లికన్ సంప్రదాయంలో ఆ పండుగ జనవరి 6 దాకా సాగుతుంది. 1931లో ఆ పన్నెండు రోజులూ ఆయన జీవితాన్ని తిప్పేశాయి. అప్పటికే పూనా సంఘాన్ని వదిలేశాడు. ఒంట్లో బాగుండడం లేదు. పండుగ అయిన మూడో రోజు, డిసెంబరు 28న, రౌండ్ టేబుల్ సమావేశం నుంచి గాంధీ బొంబాయిలో దిగాడు. అరెస్టు తప్పదని అందరికీ తెలుసు. ఎల్విన్, ఆయన స్నేహితుడు శ్యామ్‌రావు హివాలే, సింహళం నుంచి వచ్చిన బెర్నార్డ్ అలువిహారే ముగ్గురూ మణి భవన్‌కు చేరారు. జనవరి 3 రాత్రి డాబా మీద పడుకున్నారు. తెల్లవారుజామున పోలీసులు వచ్చారని మీరాబెన్ లేపింది. అది సోమవారం, గాంధీ మౌనవ్రతం నాడు. అందుకని ఆయన నోరు తెరవకుండా పెన్సిలుతో చీటీలు రాశాడు. అందులో ఒకటి ఎల్విన్‌కు. తన దేశస్థులను ప్రేమించినట్టే ఇంగ్లీషువాళ్ళనూ ప్రేమిస్తున్నానని, వాళ్ళకు ఆ మాట చేరవేయమని దాని సారం. ఇంటివాళ్ళంతా చుట్టూ చేరి భజన పాడారు. కారు వెళ్ళిపోయింది. ఆ చీటీ పట్టుకుని చీకట్లో నిలబడ్డ ఇంగ్లీషు యువకుడి వయసు 29 ఏళ్ళు. అరెస్టు చేసింది ఆయన సొంత ప్రభుత్వమే.

అక్కడి నుంచి పెషావరు వెళ్ళాడు. వాయవ్య సరిహద్దులో ఖుదాయీ ఖిద్మత్‌గార్ల మీద జరుగుతున్న అణచివేతను చూసి రావడానికి. అధికారులు కొద్ది రోజుల్లోనే వెనక్కి పంపేశారు. ఆయన రాసిన నివేదికను ప్రభుత్వం నిషేధించింది. ఆ నెల చివరికి ఎల్విన్, శ్యామ్‌రావు ఇద్దరూ మధ్య పరగణాలలోని మండ్లా జిల్లా చేరుకున్నారు. గోండుల మధ్య పనిచేయమని సలహా ఇచ్చింది జమ్నాలాల్ బజాజ్.

కరంజియా అనే ఆ ఊరు మైకల్ కొండల్లో ఉంది. నర్మద పుట్టే అమర్‌కంటక్ అక్కడికి పన్నెండు మైళ్ళు. రోడ్డు లేదు, కరెంటు లేదు, పోస్టాఫీసు దూరం. మట్టి గోడలు, గడ్డి కప్పుతో గుడిసెలు వేసుకున్నారు. మధ్యలో చిన్న ప్రార్థనా గది. ఆ ఆశ్రమానికి సెయింట్ ఫ్రాన్సిస్ పేరు పెట్టారు. పక్షులతో, తోడేలుతో కూడా అన్నదమ్ముల్లా మాట్లాడాడని చెప్పుకునే ఇటలీ సాధువు ఆయన.

రోజు ఎలా గడిచేదో కాస్త నిదానంగా చెప్పుకుందాం. తెల్లవారకముందే లేచి ప్రార్థన. వెలుగు వచ్చేసరికి గుమ్మం ముందు జనం. గజ్జి, పుండ్లు, మలేరియా చలి, పిల్లల విరేచనాలు. ఇద్దరిలో ఎవరూ డాక్టరు కాదు. కట్టు కట్టడం, క్వినైను ఇవ్వడం, పుండు కడగడం చేస్తూ చేస్తూ నేర్చుకున్నారు. ఎల్విన్ పుస్తకాల మనిషి. శ్యామ్‌రావుకు మనుషులతో చేతివాటం ఎక్కువ. ఏ ఇంట్లో ఎవరు అలిగారో, ఏ ముసలమ్మకు కొడుకు తిండి పెట్టడం లేదో ఆయనకే ముందు తెలిసేది. ఊళ్ళోవాళ్ళు ఎల్విన్‌ను బడా భాయి, శ్యామ్‌రావును ఛోటా భాయి అని పిలిచేవారు. పెద్దన్న, చిన్నన్న. దొరగారనీ ఫాదరనీ కాకుండా అన్న అనిపించుకోవడం ఎంత కష్టమో, మన ఏజెన్సీలో పనిచేసిన ఏ టీచరునడిగినా చెబుతుంది.

పొద్దెక్కాక బడి. మధ్యాహ్నం ఊళ్ళ మీదికి నడక. కుష్ఠు రోగులకు ఒక ఇల్లు కట్టి, వాళ్ళ పుండ్లు కూడా తమ చేతులతోనే కడిగేవారు. తిండి అక్కడివాళ్ళు తినేదే, కొర్రల్లాంటి కోదో గింజల జావ. దాన్ని వాళ్ళు పేజ్ అంటారు, మన అంబలికి చుట్టమే. ఎల్విన్‌కు మలేరియా మళ్ళీ మళ్ళీ వచ్చేది. ఆ రోజుల డైరీని 1936లో లీవ్స్ ఫ్రమ్ ద జంగిల్ పేరుతో అచ్చు వేయించాడు. త్యాగమూర్తి డైరీలా ఏడుపుగా ఉంటుందనుకుంటే పొరపాటు. తన మీద తానే జోకులు వేసుకునే మనిషి. మాకు ఆయనలో మొదట నచ్చింది అదే.

అక్కడ చలికాలం ఎలా ఉంటుందంటే, పంట ఇంటికి చేరి ఉంటుంది. వెన్నెల రాత్రుల్లో మగవాళ్ళు కర్రలు పట్టుకుని సైలా ఆడతారు. పుష్య పున్నమికి ఛేర్తా పండుగ. ఆ రోజు పెత్తనమంతా పిల్లలదే. గుంపులుగా ఇంటింటికీ వెళ్ళి పాడి, గింజలు అడిగి తెచ్చుకుని, అందరూ కలిసి వండుకుని తింటారు. క్రిస్మస్ ముందు రాత్రుల్లో ఇంటింటికీ తిరిగి పాటలు పాడే ఆచారంలో పెరిగిన ఎల్విన్‌కు ఆ గుంపు గుమ్మంలోకి వచ్చినప్పుడు ఏమనిపించి ఉంటుందా అని మేము చాలాసార్లు అనుకున్నాం. అదే పుష్యమాసం అమావాస్యకు మన కెస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలవుతుంది. నర్మద ఒడ్డు గోండులకూ ఆదిలాబాదు గోండులకూ మధ్య ఎన్ని కొండలున్నా, పండుగల నెల ఒక్కటే.

ఆయనకు చిక్కు వచ్చింది సొంత చర్చితోనే. ఆ ప్రాంతం నాగ్‌పూర్ బిషప్ అలెక్స్ వుడ్ కింద ఉండేది. పాదిరిగా పనిచేయాలంటే బిషప్ అనుమతి కావాలి. అనుమతి కావాలంటే గోండులకు సువార్త చెప్పాలి, రాజుకు విధేయత చూపాలి. ఎల్విన్ రెంటికీ ఒప్పుకోలేదు. వైద్యం చేసి దానికి బదులుగా నమ్మకాన్ని అడగడం ఆయనకు బేరంలా అనిపించింది. అనుమతి రాలేదు. ఇటు ప్రభుత్వానికీ అనుమానమే. 1932లో తల్లిని చూడడానికి ఇంగ్లండు వెళ్తే, రాజకీయాల జోలికి పోనని రాసిచ్చాకే తిరిగి రానిచ్చారు. బిషప్‌కేమో గాంధీ మనిషి, ప్రభుత్వానికేమో ప్రమాదకరమైన పాదిరి. 1930ల నడుమ ఆయన పాదిరి పదవినీ, చర్చినీ కూడా వదిలేశాడు. అది తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు. ఆ విశ్వాసంలోనే పుట్టి, దానికోసమే సముద్రం దాటి వచ్చినవాడు కదా.

గాంధీ మార్గంతోనూ అన్నీ కుదరలేదు. మొదట్లో ఆయనే రాట్నం వడికాడు. పత్తి పండని కొండల్లో రాట్నం ఎవరికోసం అని తర్వాత ప్రశ్నించుకున్నాడు. మద్యం మానిపించడం మంచిపనేనని వచ్చినవాడు, ఇప్ప సారా లేకుండా గోండుల పెళ్ళీ చావూ జరగవని చూశాడు. భూమితల్లి రొమ్ము మీద నాగలి పెట్టకూడదని పోడు చేసుకునే బైగాలను అడవి శాఖ ఎలా కట్టడి చేసిందో చూసి, 1939లో వాళ్ళ మీద పెద్ద పుస్తకం రాశాడు. గిరిజనులకు ప్రత్యేక రక్షిత ప్రాంతం ఉండాలని అందులో అన్నాడు. మనల్ని జంతు ప్రదర్శనశాలలో పెట్టమంటున్నాడని చాలామంది తిట్టారు. ఆ మాట మాకూ నచ్చదు. తర్వాత ఆయనే ఆ ఆలోచన నుంచి వెనక్కి వచ్చాడు. కానీ తిట్టినవాళ్ళలో ఎంతమంది బైగాల పోడు గురించి మాట్లాడారన్నది వేరే ప్రశ్న.

ఇంకో సంగతి చెప్పకుండా దాటేస్తే మా విద్యార్థినుల ముఖం చూడలేం. 1940 ఏప్రిల్‌లో ఎల్విన్ కోసీ అనే గోండు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. తన బడిలో చదివిన పిల్ల, తనకంటే చాలా చిన్నది. కొడుకు పుడితే నెహ్రూ మీద అభిమానంతో జవహర్ అని పేరు పెట్టారు. ఆ కాపురం నిలవలేదు. 1949లో కలకత్తా హైకోర్టులో విడాకులు తీసుకున్నాడు. ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది. కోసీ మాత్రం దశాబ్దాల పాటు తన ఊళ్ళోనే పేదరికంలో బతికింది. తర్వాత లీలా అనే పరధాన్ యువతిని చేసుకున్నాడు, ఆ సంసారం చివరిదాకా సాగింది. గోండుల స్త్రీల స్వేచ్ఛ గురించి అంత ప్రేమగా రాసిన మనిషి, ఒక గోండు స్త్రీకి న్యాయం చేయలేదని మేము అనుకుంటాం. ఆయన పుస్తకాలు చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కోసీ పేరు కూడా గుర్తుపెట్టుకోవాలి.

మిగతా జీవితం మీకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. బస్తర్ మారియాలు, మురియాలు, మల్కనగిరి వైపు బోండోలు, ఒడిశా సవరలు, ఇలా ఒక్కొక్క జాతి దగ్గరా నెలల తరబడి ఉండి రాశాడు. సవరలంటే మన శ్రీకాకుళం, పార్వతీపురం కొండల వాళ్ళ బంధువులే, గిడుగు రామమూర్తి పంతులు గారు నిఘంటువు చేసిన భాష మాట్లాడేవాళ్ళు. 1954లో భారత పౌరుడయ్యాడు. అదే ఏడాది నుంచి షిల్లాంగులో ఉంటూ ఈశాన్య సరిహద్దు ప్రాంతానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశాడు. 1959లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక బహుళార్థ గిరిజన బ్లాకుల పనితీరు చూడడానికి వేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. దేశంలో అలాంటివి 43 ఉంటే మన అరకు, పాడేరు, ఉట్నూరు, నర్సంపేట వాటిలోవే. మీ తాతల కాలంలో వచ్చిన ఆ బ్లాకు ఆఫీసుల మంచీచెడూ లెక్క చూసినవాళ్ళలో కరంజియా బడా భాయి ఒకడన్నమాట. డబ్బు భవనాలకే పోతోందనీ, మనుషులకు చేరడం లేదనీ ఆ కమిటీ మొహమాటం లేకుండా రాసింది. 1961లో పద్మభూషణ్ ఇచ్చారు. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో గుండె ఆగి పోయాడు. ఆత్మకథకు సాహిత్య అకాడమీ బహుమతి వచ్చేసరికి ఆయన లేడు.

ఛోటా భాయి గురించి ఎవరూ పెద్దగా రాయరు. ఎల్విన్ కొండలు దిగి షిల్లాంగు వెళ్ళిపోయాక కూడా శ్యామ్‌రావు హివాలే మండ్లా గోండులను వదలలేదు. కరంజియా తర్వాత వాళ్ళిద్దరూ మకాం పెట్టిన పాటన్‌గఢ్ ఊళ్ళో మందుల పెట్టె, బడి పని ఆయనే చూసుకుంటూ ఉండిపోయాడు. అక్కడి పరధానుల మీద 1946లో ఒక పుస్తకం కూడా రాశాడు. ఆ పాటన్‌గఢ్‌లోనే 1962లో ఒక పరధాన్ గోండు ఇంట్లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే పిల్లవాడు పుట్టాడు. మన వసతి గృహం గోడల మీద పిల్లలు చుక్కలూ గీతలతో వేసే జింకలూ చెట్లూ ఉన్నాయే, ఆ గోండు బొమ్మలను కాగితం మీదికి తెచ్చింది ఆయనే.