ఉర్దూ సిరిని తెలుగింటికి తెచ్చిన సదాశివ గారు

ఆదిలాబాదు అనగానే బయటివారికి అడవులు, పత్తి చేలు గుర్తుకొస్తాయి. మనకు డాక్టర్ సామల సదాశివ గారు కూడా గుర్తుకు రావాలి. వారు కన్నుమూసి ఒక పుష్కరం దాటిపోయింది. వారిని చూడని పిల్లలు హైస్కూలుకు వచ్చేశారు. అందుకే వారి జీవితాన్ని ఇక్కడ నాలుగు మాటల్లో చెప్పుకుందామనుకున్నాము.

సదాశివ గారు 1928 మే 11న దహెగాం దగ్గర తెనుగుపల్లెలో జన్మించారు. అది నిజాం పాలన. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు ఉర్దూ. చాలామందికి ఉర్దూ దఫ్తరు భాషగానే మిగిలింది. నౌకరీ దొరికితే దానితో పని తీరింది. సదాశివ గారు మాత్రం అందులోని కవిత్వాన్ని పట్టుకున్నారు. ఫార్సీ, సంస్కృతం, హిందీ, మరాఠీ, ఇంగ్లీషు కూడా నేర్చారు. మొదట తెలుగులో పద్యాలు రాశారు. ఉర్దూ సాహిత్య విశేషాలను తెలుగువారికి అందించమని సురవరం ప్రతాపరెడ్డి గారు ప్రోత్సహించడంతో వారి కలం ఆ దారి పట్టింది.

ఆ దారి ఎంత అవసరమైనదో ఆలోచించండి. 1948 తరువాత ఉర్దూ కచేరీల నుండి, బడుల నుండి క్రమంగా తప్పుకున్నది. అది సాయిబుల భాష అని కొందరు, అది మాది మాత్రమే అని కొందరు. ఈ రెండు మాటలకూ సదాశివ గారి పుస్తకాలే జవాబు. ఉర్దూ సాహిత్య చరిత్రను తెలుగులో రాశారు. అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగు చేశారు. 1908 మూసీ వరదలో తల్లిని, భార్యను, బిడ్డను కళ్ల ముందే పోగొట్టుకొని, ఆ దుఃఖంలోంచే తత్వం పలికిన కవి అమ్జద్. ఆ అనువాదానికి 1964లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

వారి బతుకుతెరువు పంతులు పని. పాఠం చెప్పే అలవాటే రాతలోకీ వచ్చింది. హిందుస్తానీ సంగీతం గురించి మలయమారుతాలు, సంగీత శిఖరాలు, స్వరలయలు రాసినప్పుడు శాస్త్రం పేరు చెప్పి చదువరిని భయపెట్టలేదు. అరుగు మీద కూర్చుని ముచ్చట చెప్పినట్టు రాశారు. రాగం తెలియనివారు కూడా ఆ ముచ్చట్లలో పడి చదువుతారు. అల్లాదియా ఖాన్ గారి దగ్గర కేసర్‌బాయి కేర్కర్, అబ్దుల్ కరీం ఖాన్ గారి దగ్గర సవాయి గంధర్వ నేర్చుకున్న లోకం అది. అక్కడ ఉస్తాదు మతం ఏదని శిష్యుడు అడగలేదు, శిష్యుడి మతం ఏదని ఉస్తాదు అడగలేదు. అడిగిందల్లా సాధన ఒక్కటే.

స్వరలయలు గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అప్పటికి వారికి ఎనభై మూడేళ్లు. పెద్ద పేరు రావాలంటే పట్నం చేరాలని అందరూ అంటారు. వారు ఆదిలాబాదులోనే ఉండి రాశారు. ఢిల్లీ గౌరవమే వారిని వెదుక్కుంటూ వచ్చింది. 2012 ఆగస్టు 7న పరమపదించారు.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. తాతలు చదివిన ఉర్దూ కితాబులు మన ఇండ్లలో అటకల మీద ఉన్నవి. వాటిని చదవగల పిల్లలు తగ్గిపోతున్నారు. తెలుగు కూడా పరీక్షలో మార్కుల వరకే. తెలుగుపల్లెలో పుట్టిన ఒక పంతులు గారు మన సొమ్మును ఇంత భద్రంగా దాచిపెట్టి, పదిమందికీ పంచిపోయారు. దాన్ని అందుకోవడానికి మన పిల్లలకు రెండు లిపులూ రావాలి. ప్రతి ఇంటా ఆ పని ఈ ఏడే మొదలైతే అదే వారికి మనమిచ్చే నివాళి అని మేము భావిస్తున్నాము.