గొంతు పోయిన నాలుగేళ్లు: జబ్బుతో అల్లామా ఇఖ్బాల్ ఎలా బతికారు?

1934 జనవరి. లాహోర్‌లో ఈద్ రోజు. చలి బాగా ఉంది. అల్లామా ఇఖ్బాల్ తొమ్మిదేళ్ల కొడుకు జావేద్‌ను వెంటబెట్టుకుని బాద్షాహీ మసీదుకు వెళ్లి ఈద్ నమాజు చేసి వచ్చారు. ఇంటికొచ్చి సేమ్యాల్లో పెరుగు కలుపుకుని తిన్నారు. తర్వాత జలుబు, దగ్గు పట్టుకున్నాయి. చలికాలంలో ఎవరికైనా వచ్చేదే కదా అని ఇంట్లో వాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. కొన్నాళ్లకు దగ్గు తగ్గింది కానీ గొంతు రాలేదు. మాట పీలగా, గుసగుసలా తయారైంది. అప్పటికి ఆయన వయసు 56. ఆ తర్వాత బతికిన నాలుగేళ్లలో ఆ గొంతు మళ్లీ మామూలు కాలేదు.

ఇఖ్బాల్‌కు గొంతు అంటే ఏమిటో తెలిస్తేనే ఈ నష్టం ఎంతో అర్థమవుతుంది. ఆయన పేరు మొదట పుస్తకాలతో పాకింది కాదు. లాహోర్‌లో అంజుమన్ హిమాయతె ఇస్లాం సభల్లో వేలమంది ముందు నిలబడి తన కవిత తనే వినిపించేవారు. 1911లో ‘షిక్వా’ను జనం మొదట విన్నది ఆయన నోటనే. ఇల్లు నడిచింది కూడా ఆ గొంతు మీదే. ఆయన బారిస్టరు, కోర్టులో వాదిస్తేనే ఫీజు. 1929లో మద్రాసు, మైసూరు తిరిగి మన హైదరాబాద్ వచ్చి ఉపన్యాసాలు ఇచ్చిన మనిషి. అలాంటాయన ఎదురుగా కూర్చున్నవాళ్లకే సరిగా వినిపించని స్థితికి వచ్చారు. ఒకే జబ్బు జీవనోపాధినీ, పేరు తెచ్చిన విద్యనూ కలిపి తీసుకుపోయింది.

రోగం ఆయనకు కొత్తేమీ కాదు. కీళ్లవాతం ఉంది. 1928లో మూత్రపిండంలో రాయి వచ్చి విపరీతమైన నొప్పితో బాధపడ్డారు. అప్పుడు ఢిల్లీలో పేరున్న హకీం అబ్దుల్ వహాబ్ అన్సారీ మందులతో తేరుకున్నారు. చూపు లేని ఆ హకీం సాబ్‌ను జనం హకీం నాబీనా అనేవారు. నాడి పట్టుకునే రోగం చెప్పేవారని పేరు. గొంతు పోయినప్పుడు కూడా ఇఖ్బాల్ ఆయన్నే నమ్ముకున్నారు. ఢిల్లీలో ఉన్న శిష్యుడు సయ్యద్ నజీర్ నియాజీకి ఉత్తరాలు రాయడం, ఆయన వెళ్లి హకీం సాబ్‌కు చెప్పడం, మందు లాహోర్ చేరడం - ఇలా చాలాకాలం సాగింది. ఆ ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. అంత పెద్ద తత్వవేత్త కూడా మందు ఎప్పుడు వేసుకోవాలి, ఏం తినొచ్చు, ఏం తినకూడదు అని చిన్నపిల్లాడిలా అడుగుతూనే ఉన్నారు. ఇంట్లో షుగరు పేషెంటు ఉన్నవాళ్లకు ఈ ప్రశ్నలు బాగా తెలిసినవే.

డాక్టర్ల మాటలు మాత్రం ఒకదానికొకటి కలవలేదు. ఎక్స్‌రే చూసి గుండెకు పైభాగంలో ఏదో గడ్డ పెరిగి గొంతు నరాన్ని నొక్కుతోందని కొందరన్నారు. కాదు, గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళమే ఉబ్బిందని ఇంకొందరన్నారు. ఇఖ్బాల్‌కు అల్లోపతి మందులంటే మొదట్నుంచీ పడదు, వాటి చేదు, వాసన భరించలేకపోయేవారు. యునానీ మందులు రుచిగా ఉంటాయని వాటివైపే మొగ్గేవారు. మామిడిపండ్లంటే ప్రాణం. రోజుకు ఒక్కటే తినాలని హకీం సాబ్ షరతు పెడితే, దొరికిన వాటిలో అన్నిటికంటే పెద్ద పండు తెమ్మని నౌకరు అలీ బఖ్ష్‌కు చెప్పేవారట. ఇది చెప్పుకుని స్నేహితులు నవ్వుకునేవారు.

నవ్వు ఉందిగానీ అసలు దెబ్బలు అప్పుడే మొదలయ్యాయి. వకీలు పని మూతపడింది. ఆక్స్‌ఫర్డ్‌లో రోడ్స్ ఉపన్యాసాలు ఇవ్వమని పిలుపొస్తే జబ్బు వల్ల వెళ్లలేకపోయారు. అద్దె ఇళ్లలోనే గడిచిన జీవితం కదా, భార్య సర్దార్ బేగం సొంత ఇల్లు కావాలని పట్టుబట్టి, పొదుపు చేసుకున్న డబ్బు పెట్టి మేయో రోడ్డులో కట్టించుకున్నారు. కొడుకు పేరు మీద దానికి జావేద్ మంజిల్ అని పేరు. 1935 మే నెలలో ఆ ఇంట్లోకి మారారు. అప్పటికే ఆమె జబ్బు మనిషి. కొత్తింట్లో కొద్ది రోజులు కూడా సరిగా గడవలేదు, మే 23న కన్నుమూశారు. జావేద్‌కు పదేళ్లు, మునీరాకు దాదాపు ఐదేళ్లు. తండ్రికి గొంతు లేదు, సంపాదన లేదు.

ఆ ఏడాది ఇఖ్బాల్ చాలా కుంగిపోయారు. ఇది దాచాల్సిన విషయం కాదు. ఖుదీ గురించి, ధైర్యం గురించి, గద్ద రెక్కల గురించి అంత రాసిన కవి కదా, ఆయనకు నిరాశ ఏమిటని అనిపించొచ్చు. కానీ ఆ రోజుల ఉత్తరాల్లో నీరసం, పిల్లల గురించి భయం స్పష్టంగా కనిపిస్తాయి. ఆ భయాన్ని ఆయన పనిగా మార్చుకున్నారు. అక్టోబరులో కూర్చుని వసీయత్ రాశారు. తను పోతే పిల్లలకు సంరక్షకులు ఎవరు, పుస్తకాల సంగతి ఏంటి, అన్నీ తేల్చి పెట్టారు. ఇల్లు అప్పటికే జావేద్ పేరున ఉంది కాబట్టి తాను వాడుకునే గదులకు కొడుక్కి నెలనెలా అద్దె కట్టేవారు. పదేళ్ల పిల్లాడికి తండ్రి అద్దె కట్టడమేంటని మనకు వింతగా ఉంటుంది. ఆయన మాత్రం లెక్క తప్పలేదు.

ఈ కష్టంలో అడ్డం నిలబడిన మనిషి సర్ రాస్ మసూద్. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడు. హైదరాబాద్ రాజ్యంలో విద్యాశాఖ డైరెక్టరుగా చాలా ఏళ్లు పనిచేసి, ఉస్మానియా యూనివర్సిటీ తొలినాళ్లలో ముఖ్య పాత్ర వహించిన వ్యక్తి. అప్పట్లో ఆయన భోపాల్‌లో ఉన్నారు. ఇఖ్బాల్‌ను అక్కడికి పిలిపించి, రియాజ్ మంజిల్‌లో తన ఇంట్లోనే పెట్టుకుని విద్యుత్ చికిత్స ఇప్పించారు. 1935లో రెండుసార్లు, 1936లో ఒకసారి ఇఖ్బాల్ భోపాల్ వెళ్లారు. గొంతు కాస్త మెరుగైనట్టు ఉండేది, మళ్లీ మామూలే. కానీ అక్కడ చికిత్సకు వెళ్లి మంచం మీద ఊరికే పడుకోలేదు. ‘జర్బె కలీం’లో కొన్ని కవితల కింద రియాజ్ మంజిల్, శీష్ మహల్ అని రాసిన ఊరు భోపాలే. 1936లో వచ్చిన ఆ పుస్తకాన్ని భోపాల్ నవాబు హమీదుల్లా ఖాన్‌కు అంకితమిచ్చారు.

నవాబు సాబ్ ఆయనకు జీవితాంతం నెలకు 500 రూపాయల పింఛను మంజూరు చేశారు. ఖురాన్ మీద ఒక పుస్తకం రాయాలన్న ఇఖ్బాల్ కోరికకు ఇది ఆసరా కావాలని ఉద్దేశం. ఇఖ్బాల్ తీసుకున్నారు. సాయం అడిగిందీ కాదు, అవమానపరిచిందీ కాదు, ఒక పని కోసం వచ్చింది. ఆ తర్వాత ఆగాఖాన్ నుంచి మరో పింఛను ఇప్పించాలని రాస్ మసూద్ ప్రయత్నిస్తే మాత్రం వద్దన్నారు. సాదాగా బతకడానికి ఉన్నది చాలన్నది ఆయన లెక్క. జబ్బుపడ్డ ఇంటికి ఎవరు ఇచ్చినా పుచ్చుకోవాలనే ఒత్తిడి ఉంటుంది. ఎంత తీసుకోవాలో, ఎక్కడ ఆగాలో తేల్చుకోవడం మందు వేసుకోవడం కంటే కష్టం.

1936 ఏప్రిల్ 3 రాత్రి భోపాల్‌లో ఇఖ్బాల్‌కు ఒక కల వచ్చింది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కలలో కనిపించి, జబ్బు ఎన్నాళ్ల నుంచని అడిగి, ఈ సంగతి ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం సన్నిధిలో విన్నవించుకోమని చెప్పారట. లేచి పర్షియన్‌లో కవిత మొదలుపెట్టారు. అదే ఏడాది వచ్చిన ‘పస్ చె బాయద్ కర్ద్’ పుస్తకంలో అది ఉంది. అందులో ఇమాం బూసీరీని తలుచుకున్నారు. మన ఇళ్లలో మిలాద్ మహఫిళ్లలో చదివే ఖసీదా బుర్దా రాసింది ఆ బూసీరీయే. పక్షవాతంతో పడిపోయి, ఆ ఖసీదా రాశాక కోలుకున్నారని చెబుతారు. తనకూ అలాంటి దారి దొరకాలని ఇఖ్బాల్ కోరుకున్నారు. అయితే ఆ కవిత చదివితే ఒకటి తెలుస్తుంది. అందులో తన గొంతు గోడు కంటే ఉమ్మత్ గోడే ఎక్కువ. కల వచ్చిందని మందులు మానేయలేదు, దుఆ ఉందని హకీంను వదిలేయలేదు. రెండూ సాగాయి.

జావేద్ మంజిల్‌లో రోజు ఇలా గడిచేది. పొద్దున్నుంచి రాత్రి దాకా తలుపులు తీసే ఉండేవి. ఇఖ్బాల్ బనీను, లుంగీతో మంచం మీద, పక్కన హుక్కా. గొంతు జబ్బుకు హుక్కా ఏంటని ఇప్పటి డాక్టరైతే కోప్పడతాడు, అందులో తప్పేం లేదు. కాలేజీ కుర్రాళ్లు, మౌల్వీలు, వకీళ్లు, పహిల్వాన్లు ఎవరైనా నేరుగా వచ్చి కూర్చోవచ్చు. గుసగుసలా మాట్లాడే మనిషి చుట్టూ జనం ఇంకా దగ్గరికి జరిగి వినేవారు. సభల్లో వేలమందికి చెప్పింది ఇక్కడ పదిమందికి చెప్పేవారు. తర్వాత కంటి శుక్లాలు ముదిరి చదవడం కూడా పోయింది. ఒంట్లో శక్తి లేదని ఆపరేషన్ వాయిదా పడుతూ వచ్చింది. అప్పటినుంచి పేపరు ఒకరు చదివి వినిపిస్తే, ఉత్తరాలు ఇంకొకరు రాసేవారు.

1937లో పిల్లల కోసం అలీగఢ్ నుంచి ఒక జర్మన్ మహిళను, డోరిస్ అహ్మద్‌ను పిలిపించారు. తల్లి పోయాక చెల్లాచెదురైన ఇంటికి ఆమె వచ్చాక భోజనం వేళ, చదువు వేళ అని ఒక పద్ధతి ఏర్పడింది. ఇఖ్బాల్ కుర్రతనంలో నేర్చుకున్న జర్మన్ మళ్లీ బయటికి తీశారు. అదే ఏడాది జూలైలో రాస్ మసూద్ హఠాత్తుగా చనిపోయారు. తనకు చికిత్స చేయించిన స్నేహితుడు తనకంటే ముందు పోవడం ఆయన తట్టుకోలేకపోయారు. ఆ దుఃఖమంతా ఒక మర్సియాలో పెట్టారు.

1938 జనవరిలో ఇఖ్బాల్ డే జరిగింది. ఆ సందర్భంగా హైదరాబాద్ నుంచి వెయ్యి రూపాయల చెక్కు వచ్చింది. పంపింది ప్రధానమంత్రి సర్ అక్బర్ హైదరీ, డబ్బు నిజాం తోషాఖానా నుంచి. హైదరీ పరాయివాడు కాదు. 1910లో ఇఖ్బాల్ మొదటిసారి హైదరాబాద్ వచ్చినప్పుడు ఆతిథ్యం ఇచ్చింది ఆయనే. గోల్కొండ కుతుబ్‌షాహీ సమాధులు చూసి ‘గోరిస్తానె షాహీ’ రాసింది ఆ ప్రయాణంలోనే. కానీ ఈ చెక్కు వచ్చిన తీరులో ఖైరాత్ వాసన తగిలింది. ఇఖ్బాల్ వెనక్కి తిప్పేశారు. ఒక చిన్న కవిత కూడా రాశారు, హైదరీ పేరు మీదనే అది పుస్తకంలో ఉంది. ఆ వెయ్యి రూపాయలు అప్పుడు ఆ ఇంటికి చిన్న మొత్తం కాదు.

హజ్‌కు వెళ్లాలన్నది ఆయన చివరి కోరిక. 1937లో ఓడ ప్రయాణం గురించి వాకబు కూడా చేశారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చే మనిషి మదీనా ఎలా వెళ్తారు? ఆ ప్రయాణం ఆయన కవిత్వంలో చేశారు. పర్షియన్‌లో నాలుగేసి పాదాల ముక్కలు రాసుకుంటూ పోయారు, వాటిలో ఒంటె నడుస్తుంది, ఇసుక దారి వస్తుంది, ముసలి బాటసారి మదీనా వైపు మెల్లగా కదులుతుంటాడు. మంచం దిగలేని రోజుల్లో రాసినవి ఇవి. ఖురాన్ పుస్తకం మాత్రం కాలేదు. పింఛను తీసుకున్నది ఆ పని కోసమే కదా అన్న దిగులు ఆయనకు చివరిదాకా ఉంది.

1938 వచ్చేసరికి గుండె ఉబ్బసం మొదలైంది. పడుకుంటే ఊపిరి ఆడదు, దిండ్ల మీద ముందుకు వాలి రాత్రంతా కూర్చునేవారు. కాళ్లు, ముఖం వాచాయి. స్నేహితులు వంతులు వేసుకుని పక్కన ఉన్నారు. కొడుకు గదిలోకి వచ్చినా ఎవరో పోల్చుకోలేనంతగా చూపు తగ్గింది. ఏప్రిల్ 20 సాయంత్రం జర్మనీ నుంచి ఒక పాత పరిచయస్తుడు వస్తే కూర్చుని కబుర్లు చెప్పారు. ఆ రాత్రి మునీరా ఆయన మంచం దగ్గర్నుంచి కదలనంది. మత్తు మందు ఇస్తామంటే వద్దన్నారు, స్పృహతోనే ఉండాలని.

21 తెల్లవారుజామున, ఐదు దాటిన కొద్ది నిమిషాలకు ప్రాణం పోయింది. అప్పుడు ఆయన్ను పట్టుకుని ఉన్నది అలీ బఖ్ష్, కుర్రవాడిగా చేరి జీవితమంతా ఆయనతోనే గడిపిన నౌకరు. జనాజా ఆ సాయంత్రం లేచింది. బాద్షాహీ మసీదు మెట్ల పక్కన హుజూరీ బాగ్‌లో ఖననం చేశారు. మదీనా దారి కవితలు కొన్ని నెలల తర్వాత, ఆ ఏడాదే, ‘అర్ముగానె హిజాజ్’ పేరుతో అచ్చయ్యాయి.