రెక్కలు చెప్పని సంగతి కాళ్ళు చెప్పాయి

ఈసారి గోడపత్రికకి నేను ఒక శాస్త్రవేత్త జీవితం రాస్తున్నాను. ఆయన పేరు హెన్రీ వాల్టర్ బేట్స్. డార్విన్ పేరు మనందరికీ తెలుసు. ఆ డార్విన్ సిద్ధాంతానికి అడవిలోంచి సాక్ష్యం తెచ్చి ఇచ్చిన మనిషి ఈ బేట్స్. 13 ఏళ్ళ వయసుకే బడి మానేసినవాడు. ఆయన తెచ్చిన సాక్ష్యం ఎంత చిన్నదంటే, సీతాకోకచిలుక ముందు కాళ్ళంత!

బేట్స్ 1825 ఫిబ్రవరి 8న ఇంగ్లాండులోని లీస్టర్ పట్టణంలో పుట్టాడు. తండ్రిది మేజోళ్ళ వ్యాపారం. బడి అయిపోగానే అబ్బాయిని ఇంకో మేజోళ్ళ వ్యాపారి దగ్గర పని నేర్చుకోవడానికి పెట్టారు. రోజుకి 13 గంటల పని. పొద్దున్నే గోదాము తలుపు తెరిచి ఊడ్చడం కూడా తన వంతే. రాత్రి అయితే ఏం చేసేవాడనుకున్నారు? పనివాళ్ళ కోసం నడిపే మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో రాత్రి తరగతులకి వెళ్ళేవాడు. లాటిన్, గ్రీకు, ఫ్రెంచి నేర్చుకున్నాడు. సెలవు దొరికితే దగ్గర అడవికి పోయి పెంకుపురుగులు పట్టేవాడు. 1843లో, 18 ఏళ్ళ వయసులో, పెంకుపురుగుల మీద ఆయన రాసిన చిన్న వ్యాసం ఒక పత్రికలో అచ్చయింది.

ఆ మరుసటి ఏడు లీస్టర్ బడికి ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ అనే యువకుడు పంతులుగా వచ్చాడు. ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఇద్దరిదీ డబ్బున్న ఇల్లు కాదు. అయినా పెద్ద ఆలోచన చేశారు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదికి పోదాం, పురుగుల్ని, పక్షుల్ని పట్టి లండన్ పంపి అమ్ముదాం, ఆ డబ్బుతో బతుకుదాం, జీవజాతులు ఎలా పుట్టాయో కూడా కనుక్కుందాం అనుకున్నారు. 1848లో ఓడ ఎక్కారు. మే నెలాఖరుకి బ్రెజిల్‌లోని పారా పట్టణంలో దిగారు. వాలెస్ నాలుగేళ్ళకి తిరిగి వెళ్ళిపోయాడు. బేట్స్ మాత్రం 11 ఏళ్ళు ఉండిపోయాడు.

ఆ 11 ఏళ్ళు ఎలా గడిచాయో చెప్పాలి. నది పైన చాలా దూరంలో ఎగా అనే చిన్న ఊరు ఉంది. ఇప్పుడు దాన్ని తెఫె అంటారు. బేట్స్ మొత్తం మీద నాలుగున్నర ఏళ్ళు అక్కడే ఉన్నాడు. మొదటిసారి ఉన్నప్పుడు 12 నెలలపాటు ఇంటినుంచి ఉత్తరం లేదు, డబ్బు లేదు. బట్టలు చిరిగిపోయాయి. చెప్పులు లేక వట్టి కాళ్ళతో అడవిలో తిరిగాడు. పనివాడు పారిపోయాడు, ఉన్న చిల్లర ఎవరో ఎత్తుకుపోయారు. తర్వాత పచ్చజ్వరం వచ్చింది, మలేరియా కూడా వచ్చింది. మలేరియా అంటే ఏంటో మన ఏజెన్సీలో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. ఇంత కష్టపడితే 11 ఏళ్ళకి మిగిలింది సుమారు 800 పౌన్లు మాత్రమే.

అయితే ఒక్క మాట. అడవిని ఆయన ఒంటరిగా గెలవలేదు. ఆ నది ఒడ్డు ఆదివాసులు దారి చూపారు, పడవ నడిపారు, పురుగుల్ని పట్టి ఇచ్చారు. ఒక ఇంట్లో పిల్లలు ఆయన కోసం సేకరణ చేసేవారట. ఒకరోజు వెళ్ళి చూస్తే, పక్షిని కూడా చంపగల పెద్ద బొచ్చు సాలీడు నడుముకి తాడు కట్టి, కుక్కపిల్లని తిప్పినట్టు ఇల్లంతా తిప్పుతున్నారు! ఈ సంగతి ఆయనే తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. పారా పట్టణం నుంచి గంట నడక లోపలే సుమారు 700 రకాల సీతాకోకచిలుకలు దొరికేవి. ఇంగ్లాండు దీవులన్నీ కలిపినా ఆయన లెక్కలో 66 రకాలే. ఇన్ని రకాలు ముందు పోస్తే వేటిని ఏ గుంపులో పెట్టాలి? ఏది దేనికి చుట్టం? చూడగానే మనం రంగు చూస్తాం. నలుపు, నారింజ, పసుపు చారలున్నవన్నీ ఒక పక్కన పెడతాం. అక్కడే మోసపోతాం.

అమెజాన్ అడవిలో హెలికోనిడ్ అనే సీతాకోకచిలుకలు గుంపులు గుంపులుగా ఎగురుతాయి. పొడుగు రెక్కలు, మెరిసే రంగులు, నెమ్మదైన ఎగురుడు. అంత తేలిగ్గా దొరికేవాటిని పక్షులు ఎందుకు తినవు? వాటి రుచి, వాసన మంచివి కావు గనుక. బేట్స్ ఆ గుంపుల్ని వలతో పట్టి చూస్తుంటే, అచ్చం వాటిలాగే ఉన్నది ఒకటి అప్పుడప్పుడు వచ్చేది. ఎగిరేటప్పుడు ఆయనకే తేడా తెలిసేది కాదు. చేతిలోకి తీసుకుని కాళ్ళు చూస్తే తెలిసేది.

పురుగులన్నిటికీ ఆరు కాళ్ళు ఉంటాయి. కానీ హెలికోనిడ్‌లకి ముందు రెండు కాళ్ళు బాగా చిన్నవైపోయి, ఛాతీకి ముడుచుకుని ఉంటాయి. నడవడానికి పనికిరావు. నాలుగు కాళ్ళ మీదే నిలబడతాయి. ఆ కొత్తదానికి మాత్రం ఆరు కాళ్ళూ బాగున్నాయి. అంటే అది హెలికోనిడ్ కాదు. మన తంగేడు పూల దగ్గర తిరిగే తెలుపు, పసుపు సీతాకోకచిలుకల కుటుంబానిది. ఆ కుటుంబాన్ని పియరిడే అంటారు. ఈ వేషగత్తెకి అప్పటి పేరు లెప్టాలిస్.

కాళ్ళు లెక్కపెట్టిన మొదటి మనిషి బేట్స్ అని నేను అనడంలేదు. ఆయనకంటే ముందే కొందరు పండితులకి ఇది తెలుసు. కానీ ఇది ఎందుకు ఇలా అయింది అని గట్టిగా అడిగి జవాబు చెప్పింది ఆయన. లెప్టాలిస్‌కి చెడ్డ రుచి లేదు, పక్షులు తినేస్తాయి. వాటిలో ఏ కొన్నో కొద్దిగా హెలికోనిడ్‌లాగా పుట్టాయి. పక్షులు వాటిని పొరపాటుపడి వదిలేశాయి. వదిలేసినవే పిల్లల్ని కన్నాయి. తరతరాలకి పోలిక పెరుగుతూ వచ్చింది. ఇంకో రుజువు కూడా ఉంది. నది వెంట ఊరు మారితే హెలికోనిడ్ రంగు మారేది. అక్కడి లెప్టాలిస్ రంగూ దానితో పాటే మారేది! డార్విన్ పుస్తకం 1859లో వచ్చింది. రెండేళ్ళకి, 1861 నవంబరులో, బేట్స్ ఈ సంగతిని లండన్‌లోని లిన్నేయన్ సొసైటీలో చదివాడు. డార్విన్ ఎంతో సంతోషించాడు. ఈ రకం వేషాన్ని ఇప్పటికీ బేట్స్ పేరు మీదే బేట్సియన్ అనుకరణ అంటారు.

బేట్స్ అంతటితో ఆగలేదు. హెలికోనిడ్‌లు అని ఒకే పేరు పెట్టినవాటిలో కూడా రెండు వేరు వేరు వంశాలు ఉన్నాయని చెప్పాడు. తర్వాతివారు వాటిని పూర్తిగా విడదీశారు. ఇవాళ డీఎన్ఏ పరీక్షలు కూడా అవి వేరే కొమ్మలని చెప్తున్నాయి. ముందు కాళ్ళు, ప్యూపా వేలాడే పద్ధతి చూసి పగటి సీతాకోకచిలుకలన్నిటికీ ఒక వరుస వేశాడు. కొన్నిటికి ఆడ, మగ రెండిటికీ ముందు కాళ్ళు చిన్నవి. కొన్నిటికి మగదానికే చిన్నవి. కొన్నిటికి అందరికీ ఆరూ బాగుంటాయి. రంగు తొందరగా మారిపోతుంది, ఒళ్ళు కట్టు తొందరగా మారదు. అందుకే చుట్టరికం ఒళ్ళు కట్టులో వెతకాలి. ఇదే ఆయన పద్ధతి. అయితే చెడ్డ రుచి ఉన్నవే ఒకదానినొకటి ఎందుకు పోలి ఉంటాయో ఆయనకి సరిగా తేలలేదు. ఆ ముడి విప్పింది బ్రెజిల్‌లో ఉన్న ఫ్రిట్జ్ ముల్లర్, 1870లలో.

బేట్స్ ఇంటికి పంపిన, తెచ్చిన జాతులు మొత్తం 14,712. అందులో సుమారు 8,000 శాస్త్రానికి కొత్తవి. డార్విన్ ప్రోత్సాహంతో 1863లో అమెజాన్ ప్రయాణం మీద పుస్తకం రాశాడు. ఇంత చేసినా ఆయనకి పురుగుల పని మీద జీతం దొరకలేదు. 1864లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో సహాయ కార్యదర్శి ఉద్యోగంలో చేరి, చనిపోయేదాకా అదే చేశాడు. సీతాకోకచిలుకల సేకరణని అమ్మేశాడు. తీరిక దొరికినప్పుడు చిన్నప్పటి పెంకుపురుగుల్ని చదివేవాడు. 1881లో రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది. 1892 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు.

ఈయన పద్ధతి మనకీ పనికొస్తుందా అని నేను జిల్లేడు చెట్టు దగ్గర చూశాను. నారింజ రెక్కలు, నల్ల మూలలో తెల్ల చుక్కలు ఉండే సీతాకోకచిలుక నాలుగు కాళ్ళ మీదే నిలబడింది. తంగేడు మీది పసుపుది ఆరు కాళ్ళ మీద నిలబడింది. జిల్లేడు ఆకు కింద ప్యూపా తలకిందులుగా వేలాడింది. నిమ్మ చెట్టు మీది ప్యూపా నడుముకి పట్టుదారం కట్టుకుని ఉంది. వేషగత్తెలు కూడా మన దగ్గర ఉన్నాయి. కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగే ఒక నల్ల సీతాకోకచిలుకలో కొన్ని ఆడవి, ఈశ్వరి తీగ తిని చేదెక్కిన ఎర్ర ఒంటి సీతాకోకచిలుకలాగా రెక్కలు మార్చుకుంటాయి. ఈ నల్లదాని ఆడవాటిలో ఇన్ని రూపాలెందుకో వాలెస్ 1865లో రాశాడు. రెక్కల మీద ఎర్ర మచ్చలు తెచ్చుకుంది గాని, ఒళ్ళు మాత్రం నల్లగానే ఉంటుంది. అక్కడ దొరికిపోతుంది.

కాబట్టి మిత్రులారా, సీతాకోకచిలుక వాలినప్పుడు రెక్కలు చూసి ఊరుకోకండి. చంపకుండా, పట్టకుండా, దగ్గరగా వంగి కాళ్ళు లెక్కపెట్టండి. ఎన్ని కనిపించాయో, ఏ చెట్టు మీదో రాసి ఈ గోడకి అంటించండి. వచ్చే నెల అందరివీ కలిపి వరుస వేద్దాం.