కులం అడగని దేవుడు, కైవార తాతయ్య

మన కోలారు సీమలో తెలుగు మాట్లాడే పల్లెల్లో కైవార తాతయ్య పేరు వినని ఇల్లు అరుదు. మఠం వారికి ఆయన యోగి నారేయణ యతీంద్రులు. మన అవ్వలకు, తాతలకు మాత్రం ఉత్త తాతయ్యే. 1726లో పుట్టి, 1836లో 110 ఏళ్ల వయసులో జీవసమాధి పొందారని సంప్రదాయం చెబుతుంది. ఊరు చింతామణి తాలూకాలోని కైవారం. 2007లో చిక్కబళ్లాపురం జిల్లా ఏర్పడే వరకు అది కోలారు జిల్లాదే.

తల్లి ముద్దమ్మ, తండ్రి కొండప్ప. గాజులు అమ్ముకొని బతికే బలిజ కుటుంబం. నారాయణప్ప అనే ఈ కొడుకు కూడా గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగాడు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. అయితే మనసు వ్యాపారం మీద కంటే అమరనారాయణ స్వామి గుడి మీదే ఉండేది. చేతికి డబ్బు రాక ఇంట్లో మాటా మాటా పెరిగేదని, చివరికి ఇల్లు విడిచాడని మన పెద్దలు చెబుతారు.

అప్పుడు పరదేశి స్వామి అనే గురువు దొరికాడు. నోట్లో గులకరాయి పెట్టుకొని, అది కలకండగా మారేదాకా అష్టాక్షరి జపించమన్నాడట. నారాయణప్ప కైవారం దగ్గరి కొండ గుహలో కూర్చున్నాడు. రాయి తీపి అయింది. మనం విన్న ఈ కథలో గురువు కులం అడగలేదు, చదువు అడగలేదు. అడిగింది నమ్మకం ఒక్కటే.

ఆ తర్వాత ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, శతకాలు చెప్పారు. అమరనారేయణ శతకం, కాలజ్ఞానం ఈనాటికీ మన ఇళ్లలో ఉన్నాయి. వేమన, వీరబ్రహ్మం దారిలోనే ఆయనా నడిచారు. పుట్టుకతో గొప్పతనం రాదన్నారు. లోపల కపటం పెట్టుకొని పైకి బొట్లు, జపమాలలు వేసేవారిని మొహమాటం లేకుండా మందలించారు. నారాయణుడు ప్రతి దేహంలో ఉన్నాడని, పేరు తలిచిన వాణ్ని దూరం పెట్టడని ఆయన చెప్పిన మాటల సారం. ఏం చేసినా చెల్లుతుందని దాని అర్థం కాదు. ఆశ, అహంకారం వదలమని గట్టిగానే చెప్పారు. కానీ ముందు మంచివాడివై ఆ తర్వాత రా అనే దేవుడు ఆయనకు తెలియదు.

ఈ మాట ఇప్పుడు మనకెందుకు? తాతయ్య పటం మన గోడల మీద ఉంది. గురుపూర్ణిమకు కైవారం వెళ్లి సంగీతం విని వస్తాం. తిరిగొచ్చి పెళ్లి మాట ఎత్తగానే మొదట అడిగేది కులం. పేరంటానికి పిలవాల్సి వస్తే భర్త పోయిన చెల్లెల్ని పక్కన పెడతాం. ఆయన ఫలానా కులం వారని చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. ఆయన్ను ఆ కులానికే కట్టేస్తే మాత్రం ఆయన చెప్పిందంతా వట్టిదవుతుంది.

కేజీఎఫ్ గనుల్లోకి మన తాతలు దిగారు. ఛాంపియన్ రీఫ్‌లో లోతు 3 కిలోమీటర్లు దాటింది. అక్కడ బండ విరిగి పడితే అది కులం చూడలేదు, మతం చూడలేదు. 2001లో గనులు మూతపడి, పని పోయిన ఇళ్లలో కష్టం కూడా అలాగే అందరినీ తాకింది. ఇంత చూసిన మనకు తాతయ్య మాట అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు. చాలా ఇళ్లలో తాతయ్య తెలుగును కన్నడ లిపిలోనే చదువుతున్నారు. లిపి ఏదైనా సరే, రోజుకొక కీర్తన పిల్లల చేత చదివించి అర్థం చెబుదాం. దానితోపాటు, మనం గడప బయట నిలబెట్టిన మనిషి ఎవరైనా ఉంటే లోపలికి పిలుద్దాం. తాతయ్యకు మనం చేయగల పూజ అదే.