టుపాక్ షకూర్: పుకారును చంపబోయి పుకారైన గాయకుడు

ర్యాప్ పాటలు వినే మన హాస్టల్ తమ్ముళ్లకు టుపాక్ షకూర్ పేరు కొత్త కాదు. తలకు గుడ్డ కట్టుకున్న అతని బొమ్మను టీషర్టుల మీద చూసే ఉంటారు. అతను చావలేదనీ, ఏదో దీవిలో దాక్కున్నాడనీ చెప్పే వీడియోలూ చూసే ఉంటారు. ఆ బొమ్మ వెనకున్న మనిషి కథ మాత్రం చాలామందికి తెలియదు.

టుపాక్ 1971 జూన్ 16న న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెంలో పుట్టాడు. తల్లి అఫేని షకూర్ బ్లాక్ పాంథర్ పార్టీ కార్యకర్త. 1966లో ఓక్లాండ్‌లో నల్లజాతి యువకులు పెట్టిన పార్టీ అది. 1972లో బొంబాయిలో పుట్టిన మన దళిత పాంథర్స్ సంస్థకు పేరు వచ్చింది అక్కడి నుంచే. బాంబు దాడులకు కుట్ర పన్నారంటూ న్యూయార్క్‌లో 21 మంది పాంథర్ల మీద కేసు పెట్టారు. కడుపుతో ఉన్న అఫేని లాయరును పెట్టుకోకుండా తన కేసు తానే వాదించుకుంది. 1971 మేలో ఆమె, తోటి నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. నెల తిరిగేసరికి కొడుకు పుట్టాడు. స్పెయిన్ పాలన మీద పెరూలో తిరగబడి 1781లో మరణశిక్షకు గురైన టుపాక్ అమారు పేరును కొడుక్కి పెట్టుకుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పాంథర్ల మీద ప్రభుత్వం కుట్ర చేసిందన్నది పుకారు కాదు. ఎఫ్‌బీఐ ‘కోయిన్‌టెల్‌ప్రో’ అనే రహస్య కార్యక్రమం నడిపింది. దొంగ ఉత్తరాలు రాసి కార్యకర్తల మధ్య తగవులు పెట్టింది. 1971 మార్చిలో కొందరు మామూలు పౌరులు పెన్సిల్వేనియాలోని ఒక ఎఫ్‌బీఐ ఆఫీసులో దూరి ఫైళ్లు తెచ్చి పత్రికలకు పంపారు. తర్వాత అమెరికా సెనేట్ కమిటీ విచారణ జరిపి అది నిజమేనని తేల్చింది. టుపాక్‌కు గాడ్‌ఫాదర్‌గా నిలిచిన జెరోనిమో ప్రాట్ హత్య కేసులో 27 ఏళ్లు జైల్లో మగ్గాడు. అసలు సాక్షి పోలీసుల ఇన్‌ఫార్మర్ అన్న సంగతి దాచిపెట్టారని రుజువై 1997లో ఆ శిక్ష రద్దయింది. అంటే టుపాక్ పుట్టి పెరిగిన ఇంటికి కుట్ర అంటే ఏమిటో బాగా తెలుసు.

ఆ ఇంట్లో పేదరికం ఎక్కువ. ఒక అద్దె ఇంటి నుంచి మరో ఇంటికి మారడమే బాల్యం. అయినా 12 ఏళ్ల వయసులోనే హార్లెంలోని ప్రసిద్ధ అపోలో థియేటర్‌లో నాటకం ఆడాడు. బాల్టిమోర్ స్కూల్ ఫర్ ది ఆర్ట్స్‌లో నటన, కవిత్వం, బ్యాలే నేర్చుకున్నాడు. షేక్స్‌పియర్ నాటకాల్లో వేషం కట్టాడు. 1988లో కుటుంబం కాలిఫోర్నియాకు మారింది. తల్లి మాదకద్రవ్యాలకు బానిసైంది. ఆమె తర్వాత కోలుకుంది గానీ, ఆ రోజుల్లో టుపాక్ ఒక్కడే తన బతుకు తాను చూసుకోవలసి వచ్చింది.

డిజిటల్ అండర్‌గ్రౌండ్ అనే బృందంలో సామాన్లు మోస్తూ, వెనక వరుసలో డాన్సు చేస్తూ పాటల లోకంలో అడుగు పెట్టాడు. 1991 నవంబరులో మొదటి ఆల్బమ్ వచ్చింది. పన్నెండేళ్లకే తల్లి అయిన ఒక బాలిక గురించి పత్రికలో చదివి రాసిన పాట అందులో ఉంది. 1992లో అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ఈ ఆల్బమ్‌కు సమాజంలో చోటు లేదన్నాడు. అదే ఏడు ‘జ్యూస్’ సినిమాలో టుపాక్ నటనను జనం మెచ్చుకున్నారు.

కీర్తితోపాటు తప్పులూ పెరిగాయి. ఒక మహిళపై లైంగిక దుశ్చర్య కేసులో 1994 డిసెంబరు 1న కోర్టు అతణ్ణి దోషిగా తేల్చింది. తీర్పుకు ముందురోజు రాత్రే న్యూయార్క్‌లోని ఒక స్టూడియో దగ్గర దుండగులు అతనిపై కాల్పులు జరిపారు. చక్రాల కుర్చీలో కోర్టుకు వచ్చాడు. ఎంత గొప్ప గాయకుడైనా ఈ నేరాన్ని మనం దాచకూడదు. 1995లో అతను డానెమోరా జైల్లో ఉండగానే కొత్త ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానానికి చేరింది.

జైల్లో అతను పుస్తకాలు బాగా చదివాడు. ఇటలీ రాజనీతి రచయిత మాకియవెల్లిని చదివి, ఆ పేరునే కొద్దిగా మార్చి ‘మాకవెలి’ అనే కొత్త పేరు పెట్టుకున్నాడు. ఆ జైల్లోనే ఇంకో మాట కూడా చెవిన పడింది. ఇల్యూమినాటి అనే రహస్య ముఠా ప్రపంచాన్నంతా నడుపుతోందట. మన తలరాత వాళ్లు ఎప్పుడో రాసేశారట. నిజానికి ఇల్యూమినాటి 1776లో జర్మనీలోని బవేరియాలో పుట్టిన సంఘం. పదేళ్లు తిరక్కుండానే అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

టుపాక్ ఆ కథను నమ్మలేదు. అంత రహస్యమైతే జైల్లో ఉన్న ఈ ఖైదీకి ఎలా తెలిసిందని అడిగాడు. నల్లవాళ్ల ఆత్మగౌరవాన్ని కిందకి లాగడానికి ఇదొక కొత్త సాకు అన్నాడు. అందుకే ఆ పేరు ముందు చంపడమనే అర్థం వచ్చే అక్షరం చేర్చి ‘కిల్యూమినాటి’ అన్నాడు.

1995 అక్టోబరులో డెత్ రో కంపెనీ 14 లక్షల డాలర్ల పూచీకత్తు కట్టించి అతణ్ణి బయటికి తెచ్చింది. 1996 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని స్టూడియోలో ‘ది డాన్ కిల్యూమినాటి: ది సెవెన్ డే థియరీ’ తయారైంది. మూడు రోజులు రాసి పాడటం, నాలుగు రోజులు మిక్సింగ్. మొత్తం ఏడు రోజులే. మొదట దీన్ని పెద్ద ప్రచారం లేకుండా అండర్‌గ్రౌండ్ రికార్డుగా వదలాలనుకున్నారు. అట్టమీద టుపాక్‌ను శిలువ వేసిన బొమ్మ ఉంటుంది. పత్రికలు తనను అలా శిలువ వేశాయని అతని భావం.

ఈ ఆల్బమ్‌లో ఇద్దరు టుపాక్‌లు వినిపిస్తారు. జైల్లో ఉన్నవాళ్లకు తల ఎత్తుకోమని ధైర్యం చెప్పేవాడు ఒకడు. తన మీద కాల్పుల వెనుక కుట్ర ఉందని, తోటి ర్యాపర్ల పేర్లు పెట్టి తిట్టేవాడు మరొకడు. ప్రపంచ కుట్రను కొట్టిపారేసిన మనిషి సొంత అనుమానాన్ని మాత్రం గెలవలేకపోయాడు. ఆ పగల వేడిలో తూర్పు తీరం, పడమటి తీరం గాయకులు రెండుగా చీలిపోయారు.

1996 సెప్టెంబరు 7న లాస్ వేగస్‌లో మైక్ టైసన్ బాక్సింగ్ చూసి కారులో వెళ్తుండగా టుపాక్‌పై కాల్పులు జరిగాయి. 13న ఆసుపత్రిలో కన్నుమూశాడు. వయసు 25. ఆల్బమ్ నవంబరు 5న విడుదలై మొదటి వారంలోనే 6 లక్షలకు పైగా కాపీలు అమ్ముడైంది.

ఇక పుకార్లు మొదలయ్యాయి. మాకియవెల్లి చచ్చినట్టు నటించాడట, కాబట్టి టుపాక్ కూడా అంతేనట! మాకియవెల్లి అలా నటించాడనడానికి ఆధారమే లేదు. 1527లో మామూలుగానే చనిపోయాడు. తర్వాత అంకెల లెక్కలు. కాల్పులు 7వ తేదీన, వయసు 25, రెండూ ఐదూ కలిపితే ఏడు. చనిపోయిన సమయం 4 గంటల 3 నిమిషాలు, అదీ ఏడే. కానీ చనిపోయిన తేదీ 13 అంకెలు కలిపితే నాలుగు. నెల తొమ్మిది. వాటి ఊసు ఎవరూ ఎత్తరు. కుదిరిన అంకెలు ఉంచుకుని, కుదరనివి పారేస్తే దేన్నైనా రుజువు చేయవచ్చు.

ఈ పుకార్ల సందడిలో అసలు ప్రశ్న వెనకబడిపోయింది. అతణ్ణి చంపిందెవరు? ఆ హత్య కేసులో మొట్టమొదటి అరెస్టు జరిగింది 27 ఏళ్ల తర్వాత, 2023 సెప్టెంబరులో.

మిత్రులారా! ఉద్యోగాలన్నీ ముందే అమ్ముడుపోయాయి, చదివి ఏం లాభం అనే మాట మన గదుల్లోనూ వినిపిస్తుంది. అన్యాయం లేదని నేను అనను. ఉంది. కానీ కోయిన్‌టెల్‌ప్రోను బయటపెట్టింది ఫైళ్లు. ప్రాట్‌ను విడిపించింది సాక్ష్యం. అఫేనిని కాపాడింది ఆమె కోర్టులో చేసిన వాదన. ఆధారంతో బయటపడిన కుట్ర మనల్ని పోరాటానికి లేపుతుంది. ఆధారం లేని కుట్ర కథ మనల్ని మంచం మీదే పడుకోబెడుతుంది. టుపాక్ పాటలు తప్పక వినండి. అతని తప్పులు వదిలేయండి. ఎవరైనా రహస్యం చెబితే మాత్రం, నీకెలా తెలిసిందని అతనిలాగే ఒక్క ప్రశ్న అడగండి.