అధ్యక్షుడి గుండె చూసిన సైకిల్ డాక్టరు

గుండెపోటు వచ్చి కోలుకున్న వారికి డిశ్చార్జి చీటీలో రోజూ నడవమని, గుండె బలాన్ని బట్టి సైకిల్ కూడా తొక్కమని రాస్తుంటాం. చీటీ అందుకున్నవారిలో కొందరు వెంటనే ఎక్కడ తొక్కమంటారు సార్ అని అడుగుతారు. లారీల మధ్యా, బస్సుల మధ్యా? నా దగ్గర మంచి జవాబు ఉండదు. ఈ ప్రశ్నను అరవై ఏళ్ల కిందటే తలకెత్తుకున్న గుండె డాక్టరు ఒకాయన ఉన్నారు. ఆయన కథ మీకు చెప్పాలి.

పాల్ డడ్లీ వైట్ 1886లో అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. తండ్రి డాక్టరు. సోదరి కీళ్లవాతంతో వచ్చే గుండెజబ్బుకు చిన్న వయసులోనే బలైపోయింది. 1911లో హార్వర్డ్‌లో వైద్యవిద్య పూర్తిచేసిన వైట్, లండన్‌లో థామస్ లూయిస్ దగ్గర ఈసీజీ నేర్చుకుని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కు తిరిగొచ్చారు. గుండె హఠాత్తుగా దడదడలాడే డబ్ల్యూపీడబ్ల్యూ జబ్బు పేరులో చివరి అక్షరం ఆయనదే. మన దేశపు తొలితరం గుండె వైద్యురాలు డాక్టర్ పద్మావతి కూడా హార్వర్డ్‌లో ఆయన దగ్గర నేర్చుకున్నవారే.

1955 సెప్టెంబరు 24న డెన్వర్‌లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. సోమవారం షేర్ మార్కెట్ కుప్పకూలింది. వైట్ విలేకరుల ముందుకొచ్చి, గుండె రక్తనాళం ఎలా మూసుకుపోతుందో పాఠంలా వివరించారు. అధ్యక్షుడికి విరేచనం అయిందన్న సంగతీ దాచలేదు. మీకు ఎబ్బెట్టుగా ఉండొచ్చు గానీ, గుండెపోటు రోగి ముక్కకూడదు కాబట్టి మా వార్డులో రోజూ మొదట అడిగేది అదే!

అప్పట్లో గుండెపోటు అంటే వారాల తరబడి మంచమే. ఆ తర్వాత కూడా ఒళ్లు కదపకుండా జాగ్రత్తగా బతకడమే. వైట్ అలా ఆలోచించలేదు. రోగి మళ్లీ పనిలోకి వెళ్లొచ్చన్నారు. ఐసన్‌హోవర్ వెళ్లారు, మరుసటి ఏడాది మళ్లీ గెలిచారు కూడా.

కాళ్ల కండరాలు బిగుసుకున్నప్పుడల్లా సిరల్లోని రక్తం పైకి, గుండె వైపు వెళుతుంది. అందుకే వైట్‌కు కాళ్లంటే అంత నమ్మకం. ఆయన మెట్లెక్కేవారు, నడిచేవారు, డెబ్బై దాటాక కూడా సైకిల్ తొక్కేవారు. వ్యాయామానికి వేరే టైమ్ దొరకదనే మీలాంటి వారికి ఇదే తేలిక. ఆఫీసుకో మార్కెట్‌కో ఎలాగూ వెళ్లాలి కదా.

అయితే అమెరికా రోడ్లు అప్పుడే కార్లవైపోతున్నాయి. విచిత్రం చూడండి. 1956 జూన్ 29న దాదాపు 66 వేల కిలోమీటర్ల హైవేల చట్టం మీద సంతకం పెట్టింది ఆ ఐసన్‌హోవరే. అదీ పేగు ఆపరేషన్ తర్వాత ఆస్పత్రిలో ఉండగా! సైకిల్ తొక్కండని చెబితే సరిపోదని వైట్‌కు తెలుసు. సైకిళ్లకు వేరే దారులు కావాలని ఊరూరా చెప్పారు. బోస్టన్‌లో చార్లెస్ నది రెండు ఒడ్లనా సాగే దారికి ఆయన పేరే పెట్టారు. 1973లో, 87 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మీకు గుండెజబ్బు ఉంటే మీ డాక్టరు పరీక్ష చేసి సరేనన్నాకే సైకిలెక్కండి. పక్కవారితో మాట్లాడగలిగేంత వేగం చాలు. ఛాతీ పట్టేసినట్టుంటే వెంటనే దిగి కూర్చోండి, తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.

ఆ నదీతీరపు దారికీ లోపముంది. కొన్ని వంతెనల దగ్గర అది తెగి, సైకిల్‌వారు కార్ల రోడ్డు దాటాల్సి వస్తుంది. పది కిలోమీటర్ల మంచి దారి మధ్యలో భయపెట్టే కూడలి ఒక్కటున్నా పెద్దవాళ్లు, పిల్లలున్నవాళ్లు సైకిల్ బయటికి తీయరు. రక్తనాళంలో పూడికా అంతే. ఒక్కచోట చాలు.