వర్తకులకు వేదిక కట్టిన త్యాగరాయ చెట్టి

అమృతలూరు: పెళ్లి వస్త్రాల కొనుగోలుకు చెన్నై వెళ్లే తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల వారికి టి.నగర్ సుపరిచితం. ఆ పేరులోని మొదటి అక్షరం ఒక తెలుగు వర్తకునిదన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆయనే సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. సదరన్ ఇండియా చాంబర్ ఆఫ్ కామర్స్‌కు తొలి అధ్యక్షుడు. జస్టిస్ పార్టీ సంస్థాపకులలో ఒకరు. అధికార పీఠం ఇంటి ముంగిటికి వచ్చినా కాదన్న నాయకుడు.

మగ్గం నుంచి మండలి వరకు

త్యాగరాయ చెట్టి 1852లో తెలుగు మాతృభాషగా గల దేవాంగ కుటుంబంలో జన్మించారు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల నుంచి పట్టభద్రులయ్యారు. ఉద్యోగాన్ని ఆశించక కుటుంబ వృత్తులైన చేనేత, తోళ్ల వ్యాపారాలను చేపట్టారు. తాడు లాగితే నాడె అటూ ఇటూ పరుగెత్తే ఫ్లై షటిల్ మగ్గాలను మద్రాసులోని తమ నేత కార్ఖానాలో ప్రవేశపెట్టారు. నేతగాడు చేత్తో నాడె విసిరే పాత పద్ధతి కన్నా వీటిపై నేత వేగంగా సాగుతుంది. మిల్లు బట్టల పోటీకి చేనేత తట్టుకోవాలంటే పనిముట్టు మారాలని గ్రహించిన తొలితరం వ్యాపారులలో ఆయన ఒకరు.

ఆనాడు గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలో అంతర్భాగం. కృష్ణా పశ్చిమ డెల్టా సరకు కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా పడవలలో మద్రాసు చేరేది. రైలు కిరాయి, రేవు సుంకం, అప్పుపై వడ్డీ వంటి విషయాలలో మద్రాసులో జరిగే నిర్ణయాల ప్రభావం ఇక్కడి రైతుపైనా, వ్యాపారిపైనా పడేది. అయితే 1836లో ఏర్పడిన మద్రాసు చాంబర్ ఆఫ్ కామర్స్ ఐరోపా కంపెనీల వేదిక. ప్రభుత్వం వినేదీ వారి మాటే. స్వదేశీ వర్తకులు ఎందరున్నా ఎవరి అర్జీ వారిదే.

1906లో ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీయడంతో అందులో సొమ్ము దాచుకున్న వేలాది కుటుంబాలు వీధిన పడ్డాయి. తెల్లవారి సంస్థ అయితే చాలు, సొమ్ముకు భద్రత ఉంటుందన్న నమ్మకం సడలింది. మరుసటి ఏడాదే మద్రాసు ప్రముఖులు ఇండియన్ బ్యాంకును స్థాపించారు. ఆ వరుసలోనే 1909లో సదరన్ ఇండియా చాంబర్ ఆఫ్ కామర్స్ అవతరించింది. సభ్యుల ఇబ్బందులను క్రోడీకరించి, ఒకే విన్నపంగా ప్రభుత్వం ముందుంచడం దాని ముఖ్య విధి. 1921 వరకు త్యాగరాయ చెట్టి దానికి సారథ్యం వహించారు. 1919 సంస్కరణల చట్టం తరువాత ఏర్పడిన మద్రాసు శాసన మండలిలో ఈ చాంబర్‌కు ప్రత్యేక స్థానం లభించింది. విడివిడిగా అర్జీలు పెట్టుకున్న వర్తకులకు చట్టసభలోనే చోటు దక్కింది.

పదవి వద్దన్నారు

ఇదే పద్ధతిని ఆయన రాజకీయాలకూ అన్వయించారు. 1916 నవంబరులో డాక్టర్ టి.ఎం.నాయర్ తదితరులతో కలిసి బ్రాహ్మణేతరుల సంఘానికి పునాది వేశారు. విద్యలోనూ, ఉద్యోగాలలోనూ తమ వర్గాలకు న్యాయమైన వాటా దక్కాలన్నది వారి ఆశయం. వాటాల సొమ్ముతో నడిచిన ఆ సంస్థ 1917లో జస్టిస్ పత్రికను వెలువరించింది. పార్టీకి ఆ పేరే స్థిరపడింది.

1920 ఎన్నికలను కాంగ్రెస్ బహిష్కరించగా, ఎన్నిక జరిగిన 98 స్థానాలలో 63 జస్టిస్ పార్టీకి దక్కాయి. మంత్రివర్గం ఏర్పాటు చేయాలని గవర్నర్ విల్లింగ్డన్ ఆహ్వానించినా త్యాగరాయ చెట్టి అంగీకరించలేదు. అగరం సుబ్బరాయలు రెడ్డియార్ తొలి ప్రధాన మంత్రి అయ్యారు. అనారోగ్యంతో ఆయన వైదొలగగా 1921లో పానగల్లు రాజా ఆ బాధ్యత స్వీకరించారు. త్యాగరాయ చెట్టి పార్టీ అధ్యక్షులుగానే కొనసాగారు.

నగర పాలనలో మాత్రం ఆయన నాలుగు దశాబ్దాలు శ్రమించారు. 1882లో మద్రాసు కార్పొరేషన్‌లో అడుగిడి, చివరకు దాని అధ్యక్ష పీఠాన్ని అధిరోహించారు. ఆయన హయాంలో 1920లో థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ పాఠశాలలో పిల్లలకు ఫలహారం పెట్టే ఏర్పాటు మొదలైంది. రోజుకు పిల్లవాడికి అణాకు మించకుండా ఖర్చు చేయాలని తీర్మానించారు. ఆకలితో వచ్చిన పేద పిల్లవాడు బడిలో నిలవడన్నదే దాని వెనుక ఆలోచన. నిధులకు ప్రభుత్వం అడ్డుచెప్పడంతో 1925లో అది ఆగిపోయింది. నేటి మధ్యాహ్న భోజనానికి పూర్వరూపాలలో ఇదొకటి.

చీరాల నేర్పిన పాఠం

ఆయన పార్టీ చరిత్రలో మన జిల్లాకు సంబంధించిన ఒక చేదు ఘట్టమూ ఉంది. పురపాలక సంఘం ఏర్పాటుతో పెరిగిన పన్నుల భారాన్ని వ్యతిరేకిస్తూ 1921లో చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్లు విడిచి, రామనగర్‌లో పాకలు వేసుకుని నెలల తరబడి గడిపారు. అప్పుడు స్థానిక పాలన శాఖ జస్టిస్ పార్టీకి చెందిన పానగల్లు రాజా చేతిలోనే ఉంది. చేనేత కుటుంబీకుడు అధ్యక్షుడిగా ఉన్న పార్టీ ఏలుబడిలోనే చేనేతకు పేరుమోసిన ఊరు ఖాళీ అయింది. వర్తకుల విన్నపాలకు సర్కారును తలొగ్గించిన పద్ధతి, పన్ను కట్టే సామాన్యుని మొర వినడానికి అక్కరకు రాలేదు.

త్యాగరాయ చెట్టి 1925లో కన్నుమూశారు. మూడేళ్లకు, 1928లో, మద్రాసులోని తెలుగు వర్తకులకు ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ ఏర్పడింది. ఆయన సారథ్యం వహించిన చాంబర్ శతాబ్ది దాటి నేటికీ పనిచేస్తోంది. ధాన్యం, నూలు, పసుపు వ్యాపారాలపై ఆధారపడిన ఈ ప్రాంతంలో ఊరూరా వర్తక సంఘాలు ఉన్నాయి. సభ్యుల సమస్యలతో పాటు, సరకు పండించిన రైతు, బట్ట నేసిన కార్మికుడు కూడా ఆ సంఘాల విన్నపాలలో చోటు చేసుకున్ననాడే త్యాగరాయ చెట్టి ఆరంభించిన పని పూర్తవుతుంది.